నల్లంచు కండువా

డిసెంబరు, రెండో శనివారం, సాయంత్రం. కోరుట్లలో మా మాజీ సైనికుల సంఘం గది. హాజరైనవారు: అధ్యక్షులు సుబేదారు సాబ్, బోయినపల్లి; డ్రైవరు నాయక్, జగిత్యాల; వంట హవల్దారు, మల్యాల; కార్యదర్శి, అంటే నేను.

ముందు తేదీ, తరువాత ఎవరెవరు ఉన్నారో రాసుకుని, ఆ తరువాతే విషయంలోకి పోవడం నాకు డైరీ మొదలుపెట్టిన నాటి నుంచీ అలవాటు. ఆ శనివారం మాత్రం రాని ఒక్కరి సంగతి కూడా రాశాను: మా లైన్ సాబ్. ఆయన ఆ మధ్యాహ్నమే జగిత్యాల ఆసుపత్రిలో కన్నుమూశాడు. మరునాడు ఉదయం కథలాపూర్ దగ్గర వాళ్ళ ఊళ్ళో దహనం. మేము తేల్చవలసింది ఒక్కటే: ఆయన మీద ఏ అంచు కండువా కప్పాలి?

కండువాల సంగతి ముందుగా చెప్పాలి. కొన్నేళ్ళ కిందట, జెండా పండుగ నాడు అందరం ఒక తీరుగా కనపడాలని సిరిసిల్లలో తెల్ల కండువాలు నేయించాం. తుపాకి పట్టి శత్రువుకు ఎదురుగా నిలబడ్డవాళ్ళకు ఎర్రంచు. తక్కినవాళ్ళందరికీ పచ్చంచు. నియమం సుబేదారు సాబ్ పెట్టారు, మేమంతా ఒప్పుకుంటూ చేతులెత్తాం. నేను సైన్యంలో ఉన్నంత కాలం గుమాస్తాను. పచ్చంచు వేసుకున్నాను, అది నాకు సరిపోయింది. లైన్ సాబ్ మాత్రం ఎర్రది అడగలేదు, పచ్చది ముట్టలేదు.

"తుపాకి నేను పేల్చలే. ఎర్రది నాకెందుకు? నీ లెక్క నీడకు కూసోని కాగితాలు రాయలే. పచ్చది నాకెందుకు?" అన్నాడు నా భుజం వైపు చూసి నవ్వుతూ. "నా పనికి నా అంచు గావాలె. నల్లది."

యుద్ధభూమిలో పరిచే టెలిఫోను తీగ నల్లగా ఉంటుంది. ఆయన సిగ్నల్ దళంలో లైన్‌మన్. డెబ్బై ఒకటి యుద్ధంలో, పంజాబు సరిహద్దులో, తెగిన తీగలను వెతికి కలపడం ఆయన పని. అందుకే మేమంతా ఆయనను లైన్ సాబ్ అనేవాళ్ళం. ఆ రోజు నుంచి ప్రతి సమావేశానికీ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, దాని మీద ఉత్త భుజం. అంచులన్నీ వరుసగా కూర్చున్న చోట ఆ ఉత్త భుజమే అందరికంటే ముందు కంటికి తగిలేది. ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు.

ఆయన భార్యకు ఇదంతా తమాషా. "సల్లగ ఉన్నది గుడ్డ. పచ్చదైతేంది, తుండుగుడ్డ కన్న మంచిగ పనికొస్తది. తెచ్చుకోరాదు?" అనేది. ఆయన వినబడనట్టు ఊరుకునేవాడు.

వినబడటం మీద ఆయనకున్నంత పట్టింపు నేను మరెవరిలోనూ చూడలేదు. ఫోను చేస్తే పలకరింపు ఉండదు. "నీ మాట నాకు ఇనవడ్తున్నది. నాది నీకు ఇనవడ్తున్నదా?" అని మొదలు. అవతలివాళ్ళు 'వినబడుతోంది' అనేదాకా అసలు సంగతికి రాడు. మా ఇంటికి వచ్చి వెళుతూ గేటు దగ్గర ఆగి మళ్ళీ అదే అడిగేవాడు. లోపల వంటింట్లోంచి మా ఇంటామె "ఇనవడ్తున్నదన్నా, పోయిరా" అని కేకేస్తే తప్ప గడియ పెట్టేవాడు కాదు.

నడుస్తుంటే ఆయన చూపు నేల మీద ఉండేది కాదు. ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభానికి పోతుండేది. కోరుట్ల బస్టాండు నుంచి మా గదికి వచ్చేలోపు ఎక్కడ కేబుల్ జారిందో, ఎవరింటి సర్వీసు వైరు కొమ్మకు రాసుకుంటోందో చూసి చెప్పేవాడు. పెళ్ళికి పోతే భోజనం కన్నా ముందు షామియానా తాళ్ళు లాగి చూసేవాడు. ఏ తాడైనా రెండుసార్లు లాగుతాడు. మొదటిది తాడు కోసమట, రెండోది కట్టినవాడి కోసమట.

ఇంకో అలవాటు నాకు చాలా కాలం అర్థం కాలేదు. ఎవరితో నడిచినా వాళ్ళను తన ఎడమ పక్కన ఉంచుకునేవాడు. మనం తెలియక కుడి పక్కకు పోతే ఆగి, మన వెనక నుంచి తిరిగి వచ్చి, మళ్ళీ మనల్ని ఎడమకు చేసుకుని అప్పుడు కదిలేవాడు. కుడి చెవి వినబడదేమో అనుకున్నాను.

అణకువ గల మనిషని చెబితే అబద్ధమవుతుంది. ఆయనంత గొప్పలు చెప్పుకునే మనిషి మా సంఘంలో లేడు. వాళ్ళది కల్లు గీసే కుటుంబం. ట్రైనింగులో స్తంభం ఎక్కడానికి బూట్లకు ఇనుప ముళ్ళు కట్టుకోమంటే, ఆయన ఒక తాడు అడిగి, తాటిచెట్టు ఎక్కేవాళ్ళు నడుముకు వేసుకునే మోకులాగా చుట్టుకుని, శిక్షణ ఇచ్చే ఉస్తాదు తిట్టు పూర్తయ్యేలోపు పైకి పోయాడట. "నేను మీదికెల్లి సూస్తే ఉస్తాదు టోపీ ఇంత కనవడ్డది" అని రెండు వేళ్ళ మధ్య ఒక పెసరగింజంత సందు చూపేవాడు. చెప్పిన ప్రతిసారీ ఆ సందు ఇంకొంచెం చిన్నదయ్యేది.

కుడి అరచేతిలో అడ్డంగా ఒక చాలు ఉండేది. పొలంలో నాగలి చాలులాగా స్పష్టంగా. మోకు పట్టి పట్టి పడిందనుకున్నాం. అది తీగ కోసిన చాలు. పొగమంచులో, దుమ్ములో తెగిన చోటు కంటికి కనిపించదు. లైన్‌మన్ తీగను గుప్పిట్లోంచి జారవిడుస్తూ దాని వెంట నడుస్తాడు. గుప్పిట ఎక్కడ ఖాళీ అయితే అక్కడ తెగింది. "తెంపింది తోపుగుండైతే మంచిదే. మనిషైతే ఆడనే కూసోని ఉంటడు, కలపటానికి ఎవడొస్తడో అని" అనేవాడు. చేతిలో తీగ ఉంది కాబట్టి ముందుకు పోవాలి. తీగ ఎక్కడ అయిపోతుందో అక్కడ ఏముందో తెలియదు. ఈ మాట మొదటిసారి విన్న రోజు డైరీలో ఇంకేమీ రాయలేకపోయాను.

పోయిన వేసవిలో దుబాయిలో ఉండే తమ్ముడి కొడుకు ఆయన ఫోనుకు ఇంకేదో దేశపు సైన్యం గురించి ఒక వీడియో పంపాడు. దాన్ని పట్టుకుని లైన్ సాబ్ సమావేశానికి వచ్చాడు.

"సాబ్, గిది సూడుండ్రి. గా దేశం ఫౌజుల తుపాకులోళ్ళకు ఓ బిళ్ళ. కాల్పుల నడుమ దెబ్బలకు కట్లు గట్టెటోనికి ఇంకో బిళ్ళ. గా కాల్పులల్ల వడ్డ తక్కినోళ్ళకు మల్ల ఇంకో బిళ్ళ. ఎవని పని వానిదే. మరి మనకేంది?"

"గా దేశంల గాలి గూడ సీసలల్ల వోసి అమ్ముతరట. అయితే?" అన్నారు సుబేదారు సాబ్.

వంట హవల్దారు ఊరుకునే మనిషి కాదు. "గట్లయితే నాకు గూడ ఓ బిళ్ళ ఎయ్యుండ్రి సాబ్. మీద పప్పు గంటె బొమ్మ."

"నాకు స్టీరింగ్ బొమ్మ. పక్కపొంటి జెర ఆయిల్ మరక" అన్నాడు డ్రైవరు.

"మరి కార్యదర్శికి?"

"కార్బన్ పేపరు!"

అందరికంటే ఎక్కువ నవ్వింది ఆయనే. నవ్వు ఆగాక కళ్ళు తుడుచుకుని, "నవ్వుడైందా? ఇగ నా అంచు సంగతి రాయి, కార్యదర్శీ" అన్నాడు.

సుబేదారు సాబ్ నవ్వలేదు. ఆయన కఠినుడు కాదు. ఆ యుద్ధంలోనే ఆయన పక్కన ఇద్దరు కుర్రవాళ్ళు పోయారు. ప్రతి సమావేశానికి ముందు ఒక నిమిషం నిలబడి, పెదవులు కదలకుండా ఆ ఇద్దరి పేర్లూ అనుకుంటారు. ఎర్రంచును ఆయన కాపలా కాసేది వాళ్ళ కోసం.

"నువ్వేం జెయ్యలేదని నేనంటలేను" అన్నారు. "సర్కారోళ్ళు మెడల్ ఇచ్చిన్రు గద?"

"ఇచ్చిన్రు. ముందుకు పోయినోనికి అదే, బంకర్ల కూసున్నోనికి అదే, ఎనుక డిపోల సబ్బులు పంచినోనికి అదే. దాన్ని సూస్తే ఎవడేం జేసిండో ఎర్కైతదా?"

"బిళ్ళ పనికిస్తమా, పానానికిస్తమా? పనికైతే పనికో రంగు, ఆకాశంల సింగిడి లెక్కైతది. పానానికైతే అందరి పానం ఒక్కటే."

"పానం ఒక్కటే సాబ్. పోయే తొవ్వలే వేరు."

టీ వచ్చింది, తాగాం, లేచాం. ఎవరి మాట సరైనదని నన్ను అడిగితే ఈ రోజుకీ చెప్పలేను. ఇద్దరిదీ సరైనదే అనిపించింది ఆ సాయంత్రం.

లైన్ సాబ్‌తో నేను సిరిసిల్ల పోయింది దసరా వెళ్ళాక. కొత్తగా చేరినవాళ్ళకు కండువాలు నేయమని చెప్పాలి. మాకు నేసే ఆయన ముప్పై ఏళ్ళ మనిషి, కరెంటు మగ్గాలు నడుపుతాడు. అక్కడ వాటిని సాంచెలు అంటారు. షెడ్డులో అడుగు పెడితే పక్కవాడి మాట వినబడదు. ఫోనులో గుసగుసను కూడా పట్టుకునే మా లైన్ సాబ్‌కు అది నరకమవుతుందనుకున్నాను. ఆయన మాత్రం తిరునాళ్ళకు వచ్చినట్టు ఒక్కో సాంచె దగ్గర ఆగి చూస్తున్నాడు.

ఒక చోట దారం తెగి సాంచె ఆగింది. నేతాయన వంగి, కళ్ళతో కాకుండా వేలి కొసలతో వరుస తడుముతూ పోయి, ఒక్క చోట ఆగి, తెగిన కొసను పైకి తీశాడు. చిటికెలో ముడి వేశాడు. సాంచె మళ్ళీ కదిలింది.

లైన్ సాబ్ నా చేయి గట్టిగా పట్టుకున్నాడు. చెవి దగ్గరకు వచ్చి అరిచాడు: "సూసినవా? చెయ్యి ఖాళీ అయిన కాడ ఆగిండు!"

తరువాత తెగిన దారం తానే ముడి వేస్తానని పట్టుబట్టాడు. వేశాడు. నేతాయన చూసి నవ్వాడు. "తాతా, గిది దారం, కరెంటు తీగ గాదు. ముడి గింత బుడుపుంటే సాంచె దువ్వెన పండ్ల సందుల ఇరుకుతది. మల్ల తెగుతది." అలాగే తెగింది. ఆయనకు సిగ్గు వేయలేదు. నేర్పమన్నాడు. కళ్ళజోడు తీసి, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, తెగేవి ముడి వేస్తూ అక్కడే కూర్చున్నాడు. చివరికి ఒక ముడి తెగకుండా దాటింది. జల్లెడలోంచి పిండి జారినట్టు మెత్తగా పోయింది. ఆయన ముఖంలో అంత వెలుగు నేను ముందెన్నడూ చూడలేదు.

అప్పుడు కరెంటు పోయింది. సాంచెలన్నీ ఒక్కసారే ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దానికి చెవులు గింగిర్లెత్తాయి. ఆ నిశ్శబ్దంలో ఆయన మామూలు గొంతుతో నేతాయనను అడిగాడు:

"దారం తెగితే నువ్వు ముందుగాల ఏం జేస్తవ్ బాపూ?"

"ముందుగాల ముడేస్త తాతా. ఇంకేం జేస్తరు?"

"నేను గూడ గదే జేసిన" అన్నాడు.

లైను వెతకడానికి ఎప్పుడూ ఇద్దరు పోతారు. కుడి పక్కవాడి చేతిలో తీగ, ఎడమ పక్కవాడి చేతిలో తుపాకి. ఆయన జోడీ మదరాసు వైపు కుర్రాడు. "నా తెలుగు వానికి రాదు, వాని అరవం నాకు రాదు. ఇద్దరికి ఎర్కున్నది గా తీగ ఒక్కటే" అన్నాడు. ముందున్న పటాలానికి పోయే లైను తెగింది. ఉదయం, పొగమంచు, ఇద్దరూ బయలుదేరారు. ఒక చోట గుప్పిట ఖాళీ అయింది. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని అవతలి కొస దొరికించుకున్నాడు. పళ్ళతో తొడుగు ఒలిచి కలుపుతుండగా గుండు పడింది. ఎడమ వైపు పడింది.

"నేను తిరిగి సూడలే. చేతుల రెండు కొసలున్నయ్. ఇడిస్తే మల్ల దొరుకయ్. ముందుగాల కలిపిన. ఫోన్ తగిలిచ్చి ఇటు అడిగిన, అటు అడిగిన. రెండు దిక్కుల ఇనవడ్తున్నదన్నరు. గప్పుడు తిరిగి సూసిన."

చూసింది ఏమిటో చెప్పలేదు. అరచేతి చాలును బొటనవేలితో రుద్దుకుంటూ కూర్చున్నాడు. సైన్యంలో నేనూ ఉన్నాను. ఎన్నో రిపోర్టుల్లో 'లైను పునరుద్ధరించబడినది' అని టైపు కొట్టాను. ఆ రెండు మాటల కింద ఒక మనిషి తల తిప్పకుండా కూర్చుని ఉంటాడని నాకు ఎప్పుడూ తట్టలేదు.

కరెంటు వచ్చింది. వెళ్ళేటప్పుడు ఆయన వెనక ఆగి నేతాయనతో ఏదో మాట్లాడి వచ్చాడు. బస్సు దగ్గర అడిగితే, "ఏం లేదు, ముడి ఇంకోసారి సూపిచ్చుకున్న" అన్నాడు. నేను ఆయన ఎడమ పక్కకు వెళ్ళి నడిచాను.

ఆ డిసెంబరు శనివారం సాయంత్రం సమావేశంలో ఇదంతా చెప్పాను. డ్రైవరు తల వంచుకున్నాడు. వంట హవల్దారు టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"నాకు ఎర్కే" అన్నారు సుబేదారు సాబ్. "కొండగట్టుకు పోయినప్పుడు నాతోని గూడ చెప్పిండు. చెప్పి, ఇప్పుడు నల్లది ఇస్తరా అన్నడు. ఇయ్య అన్న."

"ఎందుకు సాబ్?" డ్రైవరు అడిగాడు.

"నా పక్కపొంటి పోయినోళ్ళు, ఆయిన జోడీ, అందరు ఒక్క మట్టిల కలిసిన్రు. ఆడ అంచులు లేకుండె. నేను ఈడ గీతలు గీసుకుంట కూసోవాల్నా?"

"ఎర్రది పచ్చది అని గీసింది మీరే గద సాబ్" అన్నాడు వంట హవల్దారు మెల్లగా. వేళాకోళం లేకుండా ఆయన మాట్లాడటం నేను వినడం అదే మొదలు.

సుబేదారు సాబ్ తన భుజం మీది ఎర్రంచు చూసుకుని, "సరే, నల్లది ఇద్దామనుకుందాం. ఏది? రేపు పొద్దుగాల దహనం. లేని కండువాకు చేతులెత్తుడేంది?" అన్నారు.

అదీ నిజమే. పచ్చది కప్పుదామంటే ఆయన బతికుండగా ముట్టలేదు. ఎర్రది ఆయనే వద్దన్నాడు. ఏదీ కప్పకుండా ఉత్త భుజంతో పంపుదామా అని అనే ధైర్యం ఎవరికీ లేకపోయింది. పొద్దున అక్కడే చూద్దామని లేచాం. 'తీర్మానం: లేదు' అని రాశాను. బయటికి వచ్చాక సిరిసిల్ల నేతాయనకు ఫోను చేసి కబురు చెప్పాను. దహనం ఎన్ని గంటలకని మాత్రం అడిగాడు.

ఆదివారం ఉదయం మేము నలుగురం డ్రైవరు కారులో పోయాం. ఊరి చివర తాటిచెట్ల పక్కన ఇల్లు. వాకిట్లో పాడె కట్టడం అయిపోయింది. ఆయనను దాని మీద పడుకోబెట్టారు. ఇస్త్రీ చొక్కానే వేశారు. భార్య మమ్మల్ని చూసి లేచింది.

"సచ్చినంక రంగులేంది తియ్యి అనుకున్న అన్నా. గని గా ఉత్త భుజం సూస్తే పానం ఒప్పుతలేదు" అంది.

అప్పుడే నేతాయన బండి వచ్చి ఆగింది. సంకలో కాగితం పొట్లం. నేరుగా నా దగ్గరకు వచ్చాడు.

"సార్, కమిటీ ఒప్పుకున్నదా?"

"దేనికి?"

"నల్లంచుకు. దసరా ఎల్లినంక మీరొచ్చిన నాడే తాత చెప్పి పోయిండు. నేసి నా దగ్గర్నే ఉంచుమన్నడు. కమిటీ ఒప్పుకుంటెనే ఇయ్యి, లేకపోతే నువ్వే ఉంచుకో అన్నడు. మాటిచ్చిన సార్. ఒప్పుకున్నరా మరి?"

నేను సుబేదారు సాబ్ వైపు చూశాను. ఆయన పొట్లం తీసుకుని విప్పారు. తెల్ల కండువా, వేలెడు నల్లంచు. దాని కింద ఇంకొకటి, అలాంటిదే.

"రెండెందుకు?"

"ఒకటి తనకన్నడు సాబ్. ఒకటి జోడీకట."

సుబేదారు సాబ్ ఆ రెండోదాన్ని చూస్తూ చాలాసేపు నిలబడ్డారు. ఆయన పెదవులు సమావేశం ముందు నిలబడ్డప్పటిలాగే బిగిసి ఉన్నాయి. తరువాత నా వైపు తిరిగారు.

"కార్యదర్శీ, కోరం ఉన్నదా?"

"ఉన్నది సాబ్. నిన్నటి నలుగురం ఉన్నం."

"అయితే ఎత్తుండ్రి చేతులు."

ఆ వాకిట్లో, పాడె ముందర, డ్రైవరు చేయి లేచింది. వంట హవల్దారుది లేచింది. నాది లేచింది. చివరన సుబేదారు సాబ్ చేయి లేచింది. అందరికంటే ఎత్తుగా, పటాలంలో ఎత్తినట్టు.

ఒక కండువాను భార్యే ఆయన భుజం మీద పరిచి, అంచు పైకి కనపడేలా సర్దింది. రెండోదాని మడత సుబేదారు సాబ్ విప్పలేదు. దాన్ని ఎడమ చేతి మీద వేసుకుని, ఎవరినీ అడగకుండా పాడెకు ఎడమ పక్కకు వచ్చి నిలబడ్డారు. కుడి చేయి పాడె తాడు మీద వేశారు. ఎత్తే ముందు దాన్ని లాగి చూశారు. రెండుసార్లు.